పై అంతస్తు ఇల్లు, కాగిపోతున్న డాబా, గాలి కొడుతున్న బోరు: ముందు ఏది చేయాలి?

సింగ్‌నగర్_పైపోర్షన్ అడిగిన ప్రశ్న

విజయవాడ అజిత్‌సింగ్‌నగర్‌లో రెండో అంతస్తు. మా పైన డాబా తప్ప ఏమీ లేదు. స్లాబు 900 చదరపు అడుగులు, అయిదంగుళాల మందం, పైన ఎప్పటిదో సిమెంటు పూత, నాచు పట్టి నల్లబడింది. హాలూ ఒక పడకగదీ పడమటి వైపు. రాత్రి తొమ్మిదింటికి కూడా సీలింగు మీద చెయ్యి పెడితే చురుక్కుమంటోంది. ఫ్యాను వేస్తే ఆ వేడే కిందికి దిగుతోంది.

రెండో బాధ నీళ్ళు. బోరు 120 అడుగులు, ఒక హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ మోటారు. ఇదివరకు వెయ్యి లీటర్ల ట్యాంకు ఏకధాటిగా నిండేది. ఇప్పుడు పావుగంట పోసి గాలి కొడుతోంది. కుళాయి నీళ్ళు తాగడానికీ వంటకీ వస్తాయి, అంతే.

ఇంట్లో నలుగురం. అమ్మకి 72 ఏళ్ళు, బీపీ మాత్రలు వాడుతుంది. బాబుకి నాలుగేళ్ళు. ఏసీ పడకగదిలో ఒక్కటే. పదిహేను వేలలో ఏం చేయొచ్చు? కూలర్ కొనాలా, కూల్ రూఫ్ పెయింటు వేయించాలా, రోజూ సాయంత్రం డాబా తడపాలా? కృత్తిక కార్తె నడుస్తోంది, రోళ్ళు పగిలే రోహిణి ఇంకా ముందుంది. తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి.

డాబా_పనులు

ముందు డాబా సంగతి చూడండి, కూలర్ తర్వాత. డాబా తడిపే ఆలోచన మాత్రం ఈ ఏడాదికి వదిలేయండి. లెక్క చూడండి: 900 చదరపు అడుగులంటే దాదాపు 84 చదరపు మీటర్లు. ఒక్క మిల్లీమీటరు మందాన నీళ్ళు పారాలన్నా 84 లీటర్లు కావాలి. కాగిన స్లాబు మీద అది త్వరగానే ఆవిరైపోతుంది. తేడా తెలియాలంటే 200 లీటర్లకు తక్కువ కాదు, అదీ రోజూ. మీ నలుగురి స్నానాలకీ పట్టే నీళ్ళకంటే అది ఎక్కువ. పైగా మండుతున్న స్లాబు మీద చన్నీళ్ళు గుమ్మరిస్తూ ఉంటే పై పూతలో వెంట్రుకవాసి బీటలు పెద్దవవుతాయి, వానాకాలంలో అక్కడే కారుతుంది.

అసలు జరుగుతున్నదేమిటంటే, నల్లబడిన సిమెంటు ఎండలో మూడింట రెండొంతులకు పైగా పీల్చేసుకుంటుంది. అయిదంగుళాల స్లాబులో ఆ వేడి పైనుంచి కిందికి దిగడానికి మూడు నాలుగు గంటలు పడుతుంది. మధ్యాహ్నం రెండింటి ఎండ సాయంత్రం ఆరింటికి మీ సీలింగుకు చేరి, రాత్రి పది పదకొండు దాకా గదిలోకి దిగుతూనే ఉంటుంది. కాబట్టి వేడెక్కాక చల్లార్చడం కాదు, వేడెక్కకుండా చూడాలి. తెలుపు, నీడ. రెండింటికీ రోజువారీ నీళ్ళ ఖర్చు లేదు.

తెలుపులో చౌక రాళ్ళ సున్నం. తాజాగా కొట్టిన తెల్ల సున్నం ఎండని నూటికి డెబ్భై వంతుల దాకా తిప్పికొడుతుంది. మీ డాబాకి మూడు పూతలకి 20 కిలోలు దగ్గర పెట్టుకోండి. కిలోకి అయిదు లీటర్ల లెక్కన 100 లీటర్ల నీళ్ళు ఒకేసారి పోతాయి, మళ్ళీ అవసరం లేదు.

సున్నం నానబెట్టడం జాగ్రత్తగా చేయాలి. ఇనప డ్రమ్ములో ముందు నీళ్ళు పోసి, గడ్డలు కొద్దికొద్దిగా వేయాలి. గడ్డల మీద నీళ్ళు పోయకూడదు, కుతకుతా ఉడికి మొహం మీదికి చిమ్ముతుంది. ప్లాస్టిక్ బకెట్ పనికిరాదు, ఆ వేడికి మెత్తబడి అడుగు ఊడుతుంది. కళ్ళద్దాలు, రబ్బరు గ్లౌజులు తప్పనిసరి. బాబుని ఆ రోజు మేడ ఎక్కనివ్వకండి. కంట్లో పడితే కనీసం పావుగంట ధారగా నీళ్ళు పోసి కడుగుతూనే ఉండాలి, ఆ తర్వాత నేరుగా కంటి డాక్టరు దగ్గరికే. 24 గంటలు నాననిచ్చి పాత పంచె గుడ్డలో వడగట్టాలి. లీటరుకి 4 గ్రాముల లెక్కన, మొత్తం 400 గ్రాముల తుమ్మబంక వేడినీళ్ళలో కరిగించి కలపాలి. బంక బదులు ఉప్పు కలపమని చెప్పేవాళ్ళున్నారు. కలపకండి. ఉప్పు బీటల్లోంచి దిగితే స్లాబులో ఇనుముకి తుప్పు పడుతుంది.

డాబాని ముందురోజే వైర్ బ్రష్‌తో గీకి నాచు పోగొట్టాలి. బీటలుంటే వైట్ సిమెంటు ముద్దతో నింపాలి. పూత సాయంత్రం అయిదున్నర దాటాకే మొదలు. డాబాని ఒక్కసారి తేలిగ్గా తడిపి, తడి ఆరీ ఆరకముందే మొదటి చేయి నిలువుగా, మర్నాడు సాయంత్రం రెండోది అడ్డంగా, ఆ మర్నాడు మూడోది మళ్ళీ నిలువుగా. చిక్కగా ఒకే పూత వేస్తే పెచ్చులు లేస్తుంది, పాలలా పల్చగా మూడు వేస్తేనే నిలుస్తుంది. మిట్ట మధ్యాహ్నం కొడితే ఇంకో నష్టం. సున్నం గట్టిపడాలంటే తడి ఉన్నంతసేపు గాలిలోని బొగ్గుపులుసు వాయువుని పీల్చుకోవాలి. అయిదు నిమిషాల్లో ఎండిపోతే పిండిలాగే మిగిలి, నడిచిన ప్రతివాళ్ళ అరికాళ్ళకీ అంటుకుని ఇంట్లోకి దిగుతుంది. పూతకి ముందు డాబా తడపడానికి ఆర్వో ఫిల్టరు వదిలేసిన నీళ్ళు చాలు.

కూల్ రూఫ్ పెయింటు మంచిదే, సున్నంలా ఒక వానాకాలంతో పోదు. కొనేటప్పుడు డబ్బా మీద ఎస్‌ఆర్‌ఐ అంకె (ఎండలో ఆ పూత ఎంత చల్లగా నిలుస్తుందో చెప్పే కొలత) చూడండి, 100కి దగ్గరగా ఉండాలి. గోడలకు వేసే మామూలు తెల్ల ఎమల్షన్ కొని డాబాకి వేస్తే నీళ్ళు నిలిచినచోట బుడగలు లేచి ఊడిపోతుంది. మీ బడ్జెట్‌లో ఇప్పుడు సున్నం వేసి, మిగిలిన డబ్బు నీడకి పెట్టండి. పెయింటు సంక్రాంతి దాటాక, స్లాబు పూర్తిగా ఆరి ఉన్నప్పుడు వేయించుకోవచ్చు.

నీడ అంటే పడమటి పడకగది మీద మాత్రమే 75 శాతం గ్రీన్ నెట్. స్లాబుకి ఆనించి పరిస్తే దండగ, వేడెక్కిన నెట్ ఆ వేడిని స్లాబుకే ఇస్తుంది. కనీసం మూడడుగుల ఎత్తున, కింద గాలి ఆడేలా కట్టాలి. మే నెలలో సాయంత్రాలు హఠాత్తుగా గాలివాన లేస్తుంది, నెట్ తెరచాపలా లాగేస్తుంది. ప్రతి రెండడుగులకీ ఒక కట్టు, కర్రల మొదళ్ళకి ఇసుక నింపిన గోనెసంచులు. తాటాకు పందిరి ఇంకా చల్లగా ఉంటుంది గాని, ఇళ్ళ మధ్య ఒక్క నిప్పురవ్వ పడితే అంటుకుంటుంది. నెట్టే మేలు.

బ్రాడీపేట_కిటికీ

డాబా గురించి పైన చెప్పింది అక్షరాలా నిజం. పడమటి గోడ కూడా చూసుకోండి. సాయంత్రం మూడు నుంచి ఆరు దాకా ఎండ ఏటవాలుగా నేరుగా కిటికీలోంచి దిగుతుంది. లోపల కర్టెన్ వేస్తే వెలుతురు ఆగుతుంది గాని వేడి అప్పటికే అద్దం దాటి గదిలోకి వచ్చేసి ఉంటుంది. ఆపేది ఏదైనా కిటికీ బయటే ఉండాలి: వెదురు తడిక, పాత దుప్పటి, గ్రీన్ నెట్, ఏదైనా సరే. గోడకీ దానికీ అరడుగు సందు వదలండి.

వట్టివేళ్ళ తడికలు కడదామనుకుంటే పొడిగాలి వచ్చే కిటికీకే కట్టండి, గాలి అందులోంచి దూరి రావాలి. ఒక కిటికీ తడికకి మధ్యాహ్నం రెండుసార్లు మగ్గుడు నీళ్ళు చాలు. ఉక్కపోతగా ఉన్న రోజు తడపడం వృథా.

కిటికీలు తెరవడంలో అందరూ చేసే పొరపాటు, గాలి కోసమని పగలంతా తీసి ఉంచడం. పది రూపాయల దారంతో ఒక థర్మామీటరు బయట నీడలో, ఇంకోటి హాల్లో వేలాడదీయండి. బయట అంకె లోపలి అంకెకంటే పైన ఉన్నంతసేపు, అంటే ఉదయం తొమ్మిది దాటాక, అన్నీ మూసేయాలి. రాత్రి బయట తగ్గిన నిమిషం ఎదురెదురు కిటికీలు బార్లా తీయాలి. తెల్లవారుజామున నాలుగు నుంచి ఏడు దాకా వచ్చే చల్లగాలిని వదులుకోవద్దు, మర్నాటికి గోడలు చల్లబడేది అప్పుడే.

బోరు_మోటారు

గాలి కొడుతున్నప్పుడు కూడా మోటారు ఆడిస్తూనే ఉంటే ఈ వేసవి దాటదు. సబ్‌మెర్సిబుల్‌ని చల్లబరిచేది చుట్టూ ఉన్న నీళ్ళే. నీటిమట్టం పంపు దాకా దిగి ధార తెగితే లోపలి బేరింగులు, సీళ్ళు వేడెక్కి, వైండింగ్ కాలుతుంది. రీవైండింగ్ ఖర్చు ఒకెత్తు, 120 అడుగుల పైపు పైకి లాగి దింపే కూలి ఇంకో ఎత్తు.

రెండు పనులు చేయండి. మొదటిది కొలత. రాత్రంతా బోరుకి విశ్రాంతి ఇచ్చి పొద్దున్నే మోటారు వేయండి. 20 లీటర్ల బకెట్ ఎన్ని సెకన్లలో నిండుతుందో చూడండి. 40 సెకన్లు పడితే నిమిషానికి 30 లీటర్లు. గాలి మొదలయ్యేదాకా ఎన్ని నిమిషాలు పోసిందో రాసుకోండి. ఆపేసి గంట తర్వాత మళ్ళీ వేసి, రెండోసారి ఎన్ని నిమిషాలు వచ్చిందో చూడండి. అలాగే రెండు గంటల విరామంతోనూ. విరామం పెంచినా నిమిషాలు పెరగని చోటు ఒకటి వస్తుంది, మీ బోరు తిరిగి ఊరడానికి పట్టే సమయం అదే. మొదటిసారి 15 నిమిషాలు వస్తే మీరు ఆడించాల్సింది పది నిమిషాలే, ఆ విరామం తర్వాత ఇంకో పది. వేసి ఆపే సైక్లిక్ టైమరు పెట్టుకుంటే అర్ధరాత్రి కూడా అదే చేసుకుంటుంది. దానితోపాటు స్టార్టరు డబ్బాలో డ్రై రన్ ప్రివెంటర్ పెట్టించండి. నీళ్ళు తగ్గితే మోటారు మీద బరువు తగ్గి ఆంపియర్లు పడిపోతాయి, అది గుర్తించి కట్ చేస్తుంది. మీ డబ్బాలో ఆంప్ మీటరుంటే నిండుగా పోసేటప్పుడు ముల్లు ఎక్కడుందో ఇవాళే పెన్నుతో గీత పెట్టుకోండి.

రెండోది గేట్ వాల్వ్. బోరు పైపు మీదున్న వాల్వ్‌ని మూడో వంతు మూయండి. ధార సన్నబడుతుంది, కానీ బోరులో నీటిమట్టం అంత వేగంగా కిందికి పడదు. పావుగంటలో ఆగేది ఇంకా ఎక్కువసేపు ఆగకుండా పోస్తుంది. మొత్తం నీళ్ళు కూడా ఎక్కువే వస్తాయి. పూర్తిగా మాత్రం మూయకూడదు.

కొత్త బోరు వేద్దామనో, ఇదే ఇంకా లోతుకి కొడదామనో అనుకుంటే తొందరపడకండి. 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం కొత్త బోరుకి అనుమతి కావాలి. పైగా డెల్టా వైపు, బందరు దారిలో పోయేకొద్దీ, లోతుకి వెళ్తే ఉప్పునీళ్ళు తగిలే చోట్లున్నాయి. మీ చుట్టుపక్కల బోర్ల లోతు, నీటి రుచి అడక్కుండా రిగ్గు పిలవకూడదు.

సింగ్‌నగర్_పైపోర్షన్

చాలా థాంక్సండీ. సున్నం, నెట్, టైమరు ఖాయం చేసుకున్నాను. ఇంకా మూడు అడుగుతాను. సెకండ్ హ్యాండ్ కూలర్ ఒకటి దొరుకుతోంది, 40 లీటర్లది, తీసుకోవచ్చా? అమ్మకి మధ్యాహ్నం కళ్ళు తిరుగుతున్నాయంటోంది, ఓఆర్ఎస్ రోజూ ఇవ్వొచ్చా? ట్యాంకరు తెప్పిస్తే ఆ నీళ్ళు శుభ్రం చేసేదెలా?

డ్యూటీనర్సు_గుంటూరు

అమ్మగారి సంగతి ముందు. బీపీ మాత్రలు వాడేవాళ్ళకి వేసవిలో కళ్ళు తిరగడం తేలిగ్గా తీసుకోకూడదు. కొన్ని బీపీ మాత్రలు మూత్రం ద్వారా నీటినీ ఉప్పునీ బయటికి పంపుతాయి. చెమటలో పోయేదానికి ఇది తోడై బీపీ పడిపోతుంది. మాత్ర మీరే ఆపేయకండి. మూడు రోజులు, ఉదయం సాయంత్రం, కూర్చున్నప్పుడు ఒకసారి, లేచి నిలబడ్డ రెండు నిమిషాలకి ఒకసారి బీపీ చూసి రాసుకుని, ఆ కాగితం పట్టుకుని డాక్టర్ని కలవండి. కింద పడ్డా, స్పృహ తప్పినా మూడు రోజులు ఆగొద్దు, అదే రోజు తీసుకెళ్ళండి.

ఆ వయసులో దాహం సరిగ్గా తెలియదు. 'దాహం వేస్తే అడుగుతుందిలే' అనుకోవద్దు. గంటకో చిన్న గ్లాసు చేతికివ్వండి. గుండె, కిడ్నీ జబ్బుల వల్ల నీళ్ళు కొలిచి తాగమని డాక్టరు చెప్పి ఉంటే ఆ కొలతే పాటించాలి. మూత్రం లేత పసుపులో ఉంటే నీళ్ళు సరిపోతున్నట్టు. ముదురు రంగు, తక్కువసార్లు వెళ్ళడం అంటే చాలడం లేదు.

ఓఆర్ఎస్ రోజూ తాగే పానీయం కాదు. విరేచనాలో, వాంతులో, ఎండలో బాగా చెమట పట్టి నీరసమో ఉంటే అది. పెద్ద ప్యాకెట్ మొత్తం ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో కలపాలి. సగం ప్యాకెట్ గ్లాసులో వేసి చిక్కగా ఇస్తే, ముఖ్యంగా నాలుగేళ్ళ బాబుకి, ఒంట్లో ఉప్పు ఎక్కువై ప్రమాదం. కలిపింది 24 గంటలు దాటితే పారబోయాలి. ప్యాకెట్ దొరకనప్పుడు లీటరు నీళ్ళకి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, టీ చెంచాతో తలకొట్టి కొలవండి. షాపుల్లో ఓఆర్ఎస్ అన్న మాటతో అమ్మే తీపి జ్యూసులు వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలతల్లో లేని పానీయాల మీద ఆ మాట వాడకూడదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2025 అక్టోబరులో ఆదేశించింది. అట్ట మీద లీటరుకి 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజు అని ఉందో లేదో చూసి తీసుకోండి.

రోజూ తాగడానికి పల్చటి మజ్జిగ, గంజి, తరవాణి, బార్లీ నీళ్ళు, ముంజలు. అమ్మగారికి మజ్జిగలో ఉప్పు నామమాత్రంగా. కొబ్బరి బోండాం మంచిదే గాని అందులో పొటాషియం ఎక్కువ, కొన్ని బీపీ మాత్రలు కూడా ఒంట్లో పొటాషియం పెంచుతాయి. కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు డాక్టర్ని అడిగాకే రోజూ తాగాలి.

ఇక్కడ నీళ్ళ లెక్క ఒకటి చెప్పాలి. పైన డాబా మీద పోసే 200 లీటర్ల మాట వచ్చింది. అర లీటరు నీళ్ళలో తువ్వాలు తడిపి మెడ, చేతులు, వీపు, కాళ్ళు తుడిచి ఫ్యాను కింద కూర్చోబెట్టండి, ఒళ్ళు అప్పటికప్పుడు చల్లబడుతుంది. ఆవిరయ్యే నీరు వేడిని లాక్కునేది నేరుగా చర్మం నుంచే. గదిలో 40 డిగ్రీలు దాటితే పొడి ఒంటి మీద ఫ్యాను గాలి వేడిని ఇంకా ఎక్కిస్తుంది, అప్పుడు ఒళ్ళు తడిగా ఉండాల్సిందే. మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా అమ్మగారినీ బాబునీ ఏసీ ఉన్న గదిలోనే ఉంచండి.

వడదెబ్బ గుర్తు ఒక్కటి బాగా గుర్తుపెట్టుకోండి: ఒళ్ళు కాలిపోతూ మాట తడబడటం, పొంతన లేకుండా మాట్లాడటం, మగతగా పడిపోవడం. చెమట ఆగిపోతేనే వడదెబ్బ అనుకునేవాళ్ళు చాలామంది, చెమట పడుతూ కూడా వస్తుంది. 108కి ఫోన్ చేసి, బండి వచ్చేదాకా ఆగకుండా చల్లార్చడం మొదలుపెట్టండి. బట్టలు వదులు చేసి, ఒంటి నిండా నీళ్ళు పోసి, ఫ్యాను దగ్గరగా పెట్టాలి. గుడ్డలో చుట్టిన ఐసు మెడకి, చంకల్లో, గజ్జల్లో. మగతగా ఉన్నవాళ్ళ నోట్లో నీళ్ళు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి, వద్దు. పారాసిటమాల్ కూడా వద్దు. అది జ్వరానికి పనిచేస్తుంది గాని ఎండవేడికి కాదు. ఆ ఒక్కరోజు నీళ్ళ పొదుపు చూడకండి.

కూలర్_వైరింగ్

40 లీటర్ల కూలర్ తీసుకోవచ్చు, ఎప్పుడు పనిచేస్తుందో తెలుసుకుని. బయట 43 డిగ్రీలు, గాలిలో తేమ 20 శాతం ఉన్న మధ్యాహ్నం మంచి ప్యాడ్ల కూలర్ 29, 30 డిగ్రీల గాలి ఇస్తుంది. అదే రాత్రి 33 డిగ్రీలు, తేమ 70 శాతం ఉంటే 29 కన్నా దిగదు, పైగా గది చెమ్మ. విజయవాడలో పడమటి వడగాడ్పు వీచే పగలు దానికి అసలు సమయం. పొద్దుగుంకి గాలి మారి ఉక్కపోత మొదలవగానే పంపు స్విచ్ ఆపి ఫ్యాను మాత్రం నడపండి.

కిటికీలో బయటిగాలి పీల్చేలా పెట్టి, ఎదురు వైపు కిటికీ జానెడు తీసి ఉంచండి. తలుపులన్నీ మూసి గది మధ్యలో పెడితే గంటలో ఒళ్ళంతా జిగటగా అవుతుంది. తప్పు కూలర్‌ది కాదు, తడిగాలికి బయటికి దారి లేకపోవడం. ఏసీ నడిచే గదిలో కూలర్ వేయొద్దు, ఆ తేమ తీయడానికే ఏసీ కష్టపడుతుంది.

నీళ్ళు గంటకి 8, 10 లీటర్లు తాగుతుంది, నాలుగైదు గంటల్లో ట్యాంకు ఖాళీ. మీ బోరు ఉన్న స్థితిలో అది బరువే, అందుకని పన్నెండు నుంచి నాలుగు దాకా హాల్లో మాత్రం వాడండి. ఏసీ డ్రెయిన్ పైపు కింద బకెట్ పెట్టండి, ఉక్కగా ఉన్న రాత్రుల్లో బాగానే నిండుతుంది. అవి తాగడానికి పనికిరావు గాని కూలర్‌కి బోరు నీళ్ళకంటే నయం. వాటిలో ఉప్పుల్లేవు కాబట్టి ప్యాడ్ల మీద తెల్లటి పెంకు కట్టదు. బోరు నీళ్ళయితే రెండు వారాల్లో పెంకు కట్టి ధార ఆగిపోతుంది. ప్యాడు తడవని చోట గాలి వేడిగా వస్తుంది, చెయ్యి అడ్డం పెడితే తెలిసిపోతుంది.

సెకండ్ హ్యాండ్ అన్నారు కాబట్టి ఇది తప్పక చూడండి. ఇనప బాడీ అయితే మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ వైరు నిజంగా బాడీకి కలిసి ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత మల్టీమీటరుతో చూపించండి. పంపు వైరు అతుకులు నీళ్ళకి దగ్గరగా ఉంటే మార్పించండి. ఆ లైనుకి కరెంటు లీకైతే వెంటనే కట్ చేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాలి. నీళ్ళు నింపేటప్పుడు స్విచ్ ఆపడం చాలదు, ప్లగ్గు పీకండి. ఇంట్లో చిన్నపిల్లాడు ఉన్నాడు, తడి నేల మీద కూలర్ ముట్టుకుంటాడు. వారానికోసారి నీళ్ళు పూర్తిగా పారబోసి లోపలి గోడలు పీచుతో రుద్ది ఆరబెట్టాలి. డెంగీ దోమ గుడ్లు నీటి అంచున గోడకే అంటుకుని ఉంటాయి, నీళ్ళు ఒంపినంత మాత్రాన పోవు.

నీళ్ళ_లెక్క

ట్యాంకరు సాధారణంగా 5000 లీటర్లు, మీకు చోటు వెయ్యికే. కిందివాళ్ళతో కలిసి సంపులోకి దింపించుకోండి. దింపేముందు ఒక గాజు గ్లాసులో పట్టి వెలుతురులో చూడండి. మడ్డిగా ఉంటే ముందు పటిక తిప్పి రాత్రంతా తేరనివ్వాలి, మడ్డిలో క్లోరిన్ పనిచేయదు.

బ్లీచింగ్ పౌడరు తేటనీళ్ళకి వెయ్యి లీటర్లకి 2.5 గ్రాములు, అంటే 5000కి 12 గ్రాముల పైచిలుకు. చెంచాతో అంచనా వేయకండి, తూకం వేయండి. ఆ పొడిని మగ్గులో కొద్ది నీళ్ళతో ముద్దగా కలిపి, మగ్గు నిండా నీళ్ళు పోసి పది నిమిషాలు కదపకుండా ఉంచాలి. అడుగున సున్నం దిగుతుంది. పై తేట మాత్రమే సంపులో పోసి కలిపి, గంట ఆగాలి. మందుల షాపులోనో ఆన్‌లైన్‌లోనో దొరికే క్లోరిన్ పట్టీ ముంచితే లీటరుకి 0.2 నుంచి 0.5 మిల్లీగ్రాముల మధ్య చూపాలి. సున్నా అయితే అందులో సగం మోతాదు మళ్ళీ. మూత తీసి ఉంచిన పాత పౌడరుకి ఘాటు పోయి ఉంటుంది, అది ఎంత వేసినా లాభం లేదు. తాగడానికి మాత్రం కుళాయి నీళ్ళే ఉంచుకోండి.

వాడకంలో ఎక్కువ మిగిలేది వాషింగ్ మెషీన్ దగ్గర. రెండోసారి జాడించిన నీళ్ళ పైపు డ్రమ్ములోకి తిప్పి టాయిలెట్‌కి వాడండి. ఫ్లష్ ట్యాంకులో నీళ్ళు నింపిన లీటరు సీసా ఒకటి పెట్టండి. ఇటుక పెడితే నాని పొడి రాలి వాల్వ్ కారుతుంది. షవర్ కట్టేసి మనిషికి ఒక బకెట్. అంట్లు తోమే కుళాయికి ఏరేటరు (ధారలో గాలి కలిపే జాలీ మూతి) బిగిస్తే ధార సగానికి తగ్గుతుంది. ఆర్వో వదిలేసిన నీళ్ళు గచ్చు తుడవడానికి బాగుంటాయి, కుండీల్లో రోజూ పోస్తే మట్టిలో ఉప్పు పేరుకుంటుంది.

నల్ల ట్యాంకు గురించి ఎవరూ అనలేదు. దాని చుట్టూ కూడా అదే సున్నం పూయండి, లేదా గోనెపట్టా చుట్టండి. మధ్యాహ్నం ఆ నీళ్ళు పిల్లాడి మీద పోస్తే చర్మం కమిలేంత కాగుతాయి. పొద్దున్నే రెండు బకెట్లు బాత్రూములో పట్టి ఉంచుకోండి. తాగే నీళ్ళ కుండ తడి ఇసుక మీద, గాలి ఆడే చోట. దాన్ని సబ్బుతో తోమొద్దు, కొబ్బరిపీచుతో రుద్దితే చాలు. సబ్బు రంధ్రాల్లో దూరితే ఊట ఆగిపోయి నీళ్ళు చల్లబడవు.

సింగ్‌నగర్_పైపోర్షన్

ఆఖరిది. సున్నం కొట్టిన డాబా మీది వాన నీళ్ళు బోరు పక్క గుంటలోకి పంపొచ్చా?

డాబా_పనులు

పంపొచ్చు, మొదటి రెండు మంచి వానలు వదిలేశాక. సున్నం పిండి, దుమ్ము, పిట్టల రెట్టలు వాటితో కొట్టుకుపోతాయి. డాబా పైపుకి కింద ఒక టీ జాయింటు (మూడు దారుల పైపు ముక్క), దానికి మూత పెట్టించండి. మూత తీస్తే కాలువలోకి, బిగిస్తే గుంటలోకి.

మీ డాబా మీద 20 మిల్లీమీటర్ల వాన పడితే పోయేది పోగా 1300 లీటర్ల పైన దిగుతుంది. ఇక్కడ ఏడాదికి అటూఇటూగా 1000 మిల్లీమీటర్లు పడుతుంది కాబట్టి 65 వేల లీటర్ల మాట. నేరుగా బోరు కేసింగులోకి మాత్రం ఎప్పుడూ పోయకండి, బురద పొరల్లో ఇరుక్కుంటే ఊట మూసుకుపోతుంది. గుంట నాలుగడుగుల వెడల్పు, ఆరు నుంచి ఎనిమిదడుగుల లోతు, పునాదికి ఆరడుగులైనా ఎడంగా, సెప్టిక్ ట్యాంకుకి వీలైనంత దూరంగా. అడుగున పెద్ద గులకరాళ్ళు, మధ్యలో 20 ఎంఎం కంకర, దాని మీద నైలాన్ వల, పైన అడుగు మందం ముతక ఇసుక. బురద పట్టేది ఆ పై ఇసుకకే, ఏటా మూడంగుళాలు తీసి కొత్తది వేస్తే సరి.

ఇంటివారితో మాట్లాడి తవ్వకం రోహిణిలోనే ముగించండి. మృగశిర వానలు పడ్డాక తవ్వితే ఒడ్డు జారి గుంటలో పడుతుంది, కూలి రెట్టింపవుతుంది. రాళ్ళు నింపేలోపు గుంట మీద చెక్కలు పరిచి ఉంచండి, బాబు ఆడుకునే చోటు కదా.